పై ని, కింది ని

తెలియని పనిని ‘వస్తది’ అని చెప్పి నెత్తికెత్తుకున్నవాళ్లు మీలో ఎవరన్నా ఉంటే ఈ ముచ్చట మీ కోసమే. మిగతావాళ్లు నవ్వుకోవడానికి చదవండి. నేనేమీ అనుకోను, ఇన్నేండ్ల నుంచి నేనే నవ్వుకుంటున్న.

తొంభైల నడుమ సంగతి. తార్నాక పక్కన యూనివర్సిటీ క్యాంపస్‌లో, అక్కడి ఉద్యోగుల పిల్లలు చదువుకునే బడిలో నేను మ్యూజిక్ టీచర్ని. టెంపరరీ. ఏటా జూన్‌లో కొత్త ఆర్డరు చేతికొచ్చేదాకా నేను టీచర్నా కాదా అన్నది నాకే తెలిసేది కాదు. నాకున్న ఆస్తి ఒక హార్మోనియం, చిన్నప్పుడు ఊర్లో భజనల్లో పట్టుకున్న కొన్ని కీర్తనలు, పెండ్లయి పట్నం వచ్చినంక నల్లకుంటలో ఒక పంతులుగారి దగ్గర నేర్చుకున్న కర్ణాటక సంగీతం. దాంతోనే ప్రార్థన గీతం, జెండా పండుగ పాటలు, వార్షికోత్సవానికి స్వాగత గీతం నడిపించేదాన్ని. బౌద్ధనగర్ నుంచి నడిచిపోయి నడిచొచ్చేదాన్ని. ఎవ్వరికీ నాతో పేచీ లేదు.

ఒకరోజు ప్రిన్సిపల్ మేడమ్ స్టాఫ్ మీటింగు పెట్టింది. క్యాంపస్‌లో జానపద సంస్కృతి మీద పెద్ద సదస్సు జరగబోతున్నదట. విదేశాల నుంచి పండితులు వస్తరట. ప్రారంభం నాడు మన బడికి ఒక్క పాటకు టైమ్ ఇచ్చిన్రట.

“పిల్లల డాన్సు ఎప్పుడూ ఉండేదే. ఈసారి స్టాఫే పాడాలె,” అన్నది మేడమ్. “మన పల్లె పాటనే. కాని ఆ విదేశాలోళ్లు పాడుకున్నట్టు నాలుగు గొంతులల్ల, హార్మనీతోని పాడాలె. వాళ్లు ఆశ్చర్యపోవాలె.” తర్వాత నా దిక్కు తిరిగింది. “మీకు హార్మనీ వస్తది కదా?”

“వస్తది మేడమ్,” అన్న.

ఎందుకన్ననో చెప్త. హార్మోనియం వచ్చినామెకు హార్మనీ రాదా అనుకున్న. తాడిచెట్టు ఎక్కుడు వచ్చినోనికి తాటిబెల్లం వండుడు వస్తదనుకున్నట్టు. ఇంకో కారణం కూడా ఉన్నది. మీటింగు అయినంక మేడమ్ నన్ను ఆపి మెల్లగ చెప్పింది: “మ్యూజిక్ పోస్టు ఉంచుదమా తీసేద్దమా అని పైన అడుగుతున్నరు. ఇది మంచిగ చెయ్యండి.” ఆ మాట విన్నంక హార్మనీ ఏంది, ఏనుగు మీద సర్కస్ చెయ్యమన్నా ‘వస్తది’ అనేదాన్నే.

పాట కోసం వెతుకులాట లేదు. మా అమ్మ నాట్లప్పుడు పాడే పాట ఒకటి నాకు వచ్చు. మడిలో ఆడోళ్లంతా వంగి ఒక్కటే గొంతుతో పాడుకునే పాట. దానికి ఇంక మూడు గొంతులు కలిపితే అయిపాయె అనుకున్న.

క్యాంపస్ లైబ్రరీలో హార్మనీ గురించి లావుపాటి ఇంగ్లిషు పుస్తకం ఒకటి దొరికింది. అర్థమైనకాడికి సంగతి ఇది. మూడు నాలుగు స్వరాలు ఒక్కసారే పలికితే అదొక కార్డు. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు పోయేటప్పుడు ఒక్కో గొంతు ఎటు నడవాలె అన్నదే అసలు విద్య. ఇంతవరకు బాగానే ఉన్నది. తర్వాతి పేజీలో నా తల తిరిగింది. రెండు గొంతులు పంచమం దూరంలో జంటగా నడవకూడదట. అంటే స, ప కలిసి నడిస్తే తప్పట. నాకు కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తంబురలో వింటున్నది ఆ రెండింటినే. వీళ్లెవరు వాటిని విడదీసేటందుకు? పుస్తకం అక్కడే పెట్టి, నాకు తోచినట్టు రాసుకున్న. పై గొంతు ఏం పాడితే కింది మూడు గొంతులూ అదే దూరంలో దాని వెంట పోతయి. ఒక్క పూటలో పని అయిపోయింది. ఇంత అల్కటి పనికి విదేశాలల్ల అంత పెద్ద పేరేందో అనుకున్న.

మా కెమిస్ట్రీ సారు చర్చిలో పాడేటాయన. నేను రాసింది చూసి, “మేడమ్, మెట్టుగూడల మాకు ఒక టీచరమ్మ ఉన్నది. ఒక్కసారి ఆమెకు చూపిస్తరా?” అన్నడు. మర్యాదస్తుడు. ‘ఇది చెత్త’ అని మర్యాదగ చెప్పే పద్ధతి అదేనని నాకు తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మెట్టుగూడ పోయిన. టీచరమ్మ కొడుకు రైల్వేల పని చేస్తడు, ఆయన క్వార్టర్సులనే ఈమె ఉంటది. రైల్వే బడిలో పనిచేసి రిటైరైన మనిషి, చర్చిలో ఏండ్ల తరబడి పాటకు వాయించిన మనిషి. ముందు గదిలో కాళ్లతో తొక్కే పాత ఆర్గాన్. నా కాయితం కండ్లకు దగ్గరగా పెట్టుకొని చదివి, ఆర్గాన్ మీద మొత్తం వాయించింది.

“నాలుగు గొంతులు రాసిన అనుకుంటున్నవా బిడ్డా?”

“అవును టీచరమ్మా.”

“ఒక్క గొంతు రాసినవు. మిగతా మూడు దాని నీడలు.”

నా తంబుర వాదన తీసిన. స, ప తప్పెట్ల అయితయి, మా సంగీతానికి పునాదే అవి కదా అని నిలదీసిన. ఆమె నవ్వలేదు, కోపం చెయ్యలేదు.

“నిలవడితే తప్పు లేదమ్మా. నీ తంబురల అవి నిలవడి ఉంటయి, అందుకే బాగుంటయి. జంటగ నడిస్తెనే కష్టం. ఇద్దరు అడుగుల అడుగేసి నడిస్తే చెవికి ఒక్కరే వినవడతరు. నీకు నలుగురు కావాల్నా, ఒక్కరు చాల్నా?”

“నలుగురు కావాలె. ప్రిన్సిపల్ మేడమ్ నాలుగని చెప్పింది.”

“అయితే ప్రతి ఆదివారం రా.”

అట్ల నలభై దాటిన వయసులో మళ్లీ ఓనమాలు మొదలుపెట్టిన. ఆమె పద్ధతి పుస్తకం పద్ధతి కాదు. రెండు కార్డులకు ఒక స్వరం ఉమ్మడిగా ఉంటే ఆ గొంతును కదిలించొద్దనేది. మిగతావి దగ్గర మెట్టుకే దిగాలె. నేను ఒక గొంతును ఏడు మెట్లు ఎగిరించి తెస్తే ఆగి అడిగేది: “బౌద్ధనగర్ నుంచి మెట్టుగూడకు వచ్చేటందుకు చార్మినార్ తిరిగి వచ్చినవా ఇయ్యాల?” లేదని నేనంటే, “మరి ఈమెనెందుకు తిప్పుతున్నవు?” అనేది. ‘ని’లు రెండుంటయి కదా, అర మెట్టు తేడాతోని; ‘స’కు దగ్గరున్న పై ‘ని’ గురించి చెప్పేటప్పుడు, అది ‘స’ ఇంటి గడప మీద నిలవడ్డ మనిషి, లోపలికి పిలువకుండ తలుపు వెయ్యొద్దు అనేది.

కొన్ని ఆదివారాలకే నాకు విద్య వచ్చేసిందన్న నమ్మకం కుదిరింది. ఏ విద్యకైనా అదే ప్రమాదకరమైన దశ. బడిలో గంట కొడితే అది ఏ స్వరమో చెప్పేదాన్ని. టీ తాగేటప్పుడు కెమిస్ట్రీ సారు కూనిరాగం తీస్తే ‘కింద బేస్ ఉంటే ఇట్ల ఉండాలె’ అని అడగకున్నా చెప్పేదాన్ని. ఒక సాయంత్రం మా ఆయనా నేనూ తార్నాక చౌరస్తాల బస్సు కోసం నిలవడితే ఎదురుంగ పెండ్లి బరాత్ పోతున్నది.

“విన్నరా? బ్యాండోళ్లు మొత్తం జంట పంచమాలే వాయిస్తున్నరు. అంత తప్పే,” అన్న.

మా ఆయన బ్యాండు దిక్కు, నా దిక్కు చూసిండు. “బరాత్ కదనే. జంటగనే నడుస్తరు,” అన్నడు.

రిహార్సల్సు బడి విడిచినంక లైబ్రరీ గదిలో. పై గొంతుకు చిన్న తరగతుల టీచర్లు. రెండో గొంతుకు హిందీ టీచరక్క, ఆమె జట్టు. మూడో గొంతుకు కెమిస్ట్రీ సారు. అందరికన్న కింద బేసుకు పీటీ సారు. పీటీ సారు గొంతు గ్రౌండు ఈ కొస నుంచి ఆ కొసకు వినవడేది. దానికి మంద్రం, తారం అన్న తేడా లేదు. దూరమొక్కటే తెలుసు.

మొదటి రోజే కొట్లాట. టీచరమ్మ చెప్పినట్టు ఉమ్మడి స్వరాన్ని కదిలించకుండ రాసేసరికి హిందీ టీచరక్కకు చరణమంతా ‘ప’ మీదనే గడిచింది.

“ఏంది మేడమ్ ఇది?” అన్నదామె. “వాళ్లందరు పాట పాడుతున్నరు. నేను ప్రెషర్ కుక్కర్ లెక్క ఒక్కటే కూత పెట్టాల్నా?”

“రూల్ అక్కా. ఉమ్మడి స్వరం కదలొద్దు.”

“ఆ రూల్ రాసినోడు ఎప్పుడన్న పాడిండా?”

ఆమె నాకు బడిలో ఉన్న ఒక్క దోస్తు. డబ్బా పంచుకొని తింటం. రెండు రోజులు ఆమె తన డబ్బా తను తిన్నది. ఆ మౌనం భరించలేక, ఆమె సంతోషం కోసం కూచొని ఆమె గొంతును మళ్లీ రాసిన. ఈసారి పైకి కిందికి ఎగురుడే ఎగురుడు. ఆమె పాడబోయి నాలుగో స్వరం కాడ ఆగిపోయింది. “ఇది పాట కాదు, మేకపిల్ల,” అన్నది. పీటీ సారు నవ్విండు. ఆయన నవ్వు కూడా గ్రౌండు దాటింది.

రెండు కాయితాలు పట్టుకొని మెట్టుగూడ పోయిన. టీచరమ్మ రెండూ వాయించింది.

“ఆమె నిన్ను ఎగురుడు అడిగిందా?”

“లేదు. పాట అడిగింది.”

“మరి పాట ఇయ్యి. కదిలించొద్దన్ననంటే చంపమని కాదు. ఒక్కో గొంతును విడిగ, ఒంటరిగ పాడి చూడు. వంట చేసుకుంట పాడబుద్ధి అయితే అది గొంతు. కాకపోతే సున్నం కొట్టినట్టు, గోడ నింపుడు.”

అప్పటిదాకా నేను కార్డులను నిలువునా చూస్తున్న, ఇటుకలు పేర్చినట్టు. ఆ రోజు నుంచి అడ్డంగా చూడడం మొదలుపెట్టిన. పొయ్యి ముందర నిలవడి బేసు పాడేదాన్ని. బట్టలు ఆరేస్తూ మూడో గొంతు పాడేదాన్ని. మా ఇంటి కింది వాటాల ఉండేవాళ్లు మా ఆయనను అడిగిన్రట, మేడమ్‌కు పానం మంచిగున్నదా అని. చివరికి హిందీ టీచరక్క గొంతు మెల్లగ రెండు మెట్లు దిగి, ఒక మెట్టెక్కి, పాట ఊపిరి తీసుకునే కాడ తనొక్కతే కదిలేటట్టు కుదిరింది. ఆమె పాడి, “ఇప్పుడు నేను కూడ ఉన్న ఇందుల,” అన్నది. ఆ మధ్యాహ్నం ఆమె డబ్బాల వంకాయ కూర నా పళ్లెంలోకి వచ్చింది.

అప్పటికి సదస్సు దగ్గర పడ్డది. మా అమ్మ కంటి ఆపరేషన్ కోసం ఊరి నుంచి వచ్చి మా ఇంట్లనే ఉన్నది. కంటికి పట్టీ, పనేమీ చెయ్యొద్దన్నరు, గోడకానుకొని కూచునేది. ఒక పొద్దున నేను కూరగాయలు తరుగుకుంట పై గొంతు పాడుతున్న. అమ్మ తల ఊపుకుంట విన్నది.

“మంచిగున్నది బిడ్డా. ఏం పాట అది?”

కత్తి ఆగిపోయింది. “నీ పాటనే కదనే. నాట్ల పాట.”

“మా పాటనా?” మళ్లీ పాడమన్నది. పాడిన. “మాట మా పాటదే ఉన్నది,” అన్నది. “పాట ఏదో చర్చి పాటోలె ఉన్నది.”

తప్పెక్కడుందో నాకు ఆ క్షణమే తెలిసింది. అమ్మ పాటలో ప్రతి వరుసా చివరన కింది ‘ని’ తాకి ‘స’ మీద వాలుతది. అదే ఆ పాట నడక. ఆ కింది ‘ని’ తోని, పుస్తకంలో చెప్పినట్టు ముగింపు కార్డు కుదరలేదు. అందుకని దాన్ని అర మెట్టు జరిపి పై ‘ని’ చేసిన. గడప మీద నిలవడ్డ మనిషి అని టీచరమ్మ చెప్పిన ‘ని’. అంత చిన్న జరుపుడే. హార్మోనియం మీద పక్క పక్క మెట్లే. దానితో మా ఊరి మడిలో నుంచి పాట లేచి వెళ్లిపోయింది, మోసుకపోయిన నాకే తెలియలేదు.

ఆదివారం దాకా ఆగలేక ఆ సాయంత్రమే మెట్టుగూడ పోయిన. సంగతి చెప్పిన. టీచరమ్మ ఆర్గాన్ ముందర కూచున్నది.

“అసలు పాటల కింది ని ఉన్నదని నాకెందుకు చెప్పలేదు?”

“కార్డు కుదరలేదు.”

“నేను నేర్చుకున్న పుస్తకంల మీ అమ్మ పాట లేదు కదమ్మా. పుస్తకమేం చేస్తది.” కింది ‘ని’ పెట్టి అదే ముగింపు వాయించింది. గట్టిగా తలుపు మూసినట్టు కాకుండ, దగ్గరికి వేసినట్టు వినవడ్డది. ఇంకోసారి వాయించింది. “నా చెవికి అలవాటు లేదు. అయినా తప్పేం లేదు. గొంతులు నడుస్తున్నయి కద. ఉంచు.”

ప్రోగ్రాముకు ఇంక మూడు రోజులే ఉన్నది. మర్నాడు రిహార్సల్లో అందరికీ చెప్పిన: ఆ ‘ని’ ఇకనుంచి కిందిది. పై గొంతు టీచర్లు నన్ను చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది. ఇన్ని వారాలు పై ‘ని’ సరిగ్గా పట్టలేదని వాళ్లను సతాయించింది నేనే.

“మా అమ్మ కాదన్నది,” అన్న.

“అయితే ఖతం,” అన్నది హిందీ టీచరక్క. “అమ్మ కాదంటే కాదు. నేర్చుకుందం పాండ్రి.”

ఆ మూడు రోజులు చెవులు చిల్లులు పడేదాకా నేర్పించిన. తప్పు చేస్తే ఆపి మళ్లీ, మళ్లీ. చివరి రోజుకు నిద్రలో లేపినా వాళ్లు కింది ‘ని’ పాడేటట్టు అయిన్రు.

ఆ నాడు పెద్ద హాలు నిండింది. ముందు వరుసలో విదేశీ అతిథులు, వైస్ ఛాన్సలర్, మా ప్రిన్సిపల్ మేడమ్. వెనక ఎక్కడో టీచరమ్మ, పక్కన మా ఆయన. నేను స్టాఫ్ దిక్కు తిరిగి చేతులు లేపిన. మొదటి చరణం నేననుకున్న దానికన్న బాగా సాగింది. పీటీ సారు ఆ రోజు మొదటిసారి మెల్లగ పాడిండు, భయంతోనట. హిందీ టీచరక్క తన మెట్లు తనొక్కతే దిగింది. నాలుగు గొంతులు నిజంగనే నాలుగు. ఇంతమందిని ఇట్ల నడిపిస్తున్నది నేనా అని ఒక్క క్షణం మురిసిన.

ఆ ఒక్క క్షణమే. మురిసేసరికి ఊరుకోలేక నేను కూడ గొంతు కలిపిన. చివరి వరుస వచ్చింది. ముగింపు కాడ, నిండు గొంతుతోని, పాత అలవాటున పై ‘ని’ పాడిన.

నా ముందర పై గొంతు టీచర్లు. సగం మంది నా నోరు చూసి నాతో పాటు పై ‘ని’ కి వచ్చిన్రు. మిగతా సగం మంది నేర్పినట్టు కింది ‘ని’ మీదనే నిలవడ్డరు. రెండు ‘ని’లు ఒకదానికొకటి ఒరుసుకొని, హాలంతా కంచు పళ్లెం జారి పడ్డట్టు మోగింది. పాట నిదానం. ఆ స్వరం పొడుగు. నా చెయ్యి గాలిలోనే ఉన్నది, దించితే ఏమవుతదోనని. చివరికి రెండు జట్లూ ఒక్క ‘స’ మీదికి చేరుకున్నయి. పాట అయిపోయింది. నా పోస్టు కూడ అయిపోయిందనుకున్న.

చప్పట్లు మోగినయి. దయతో కొడుతున్నరనుకున్న.

టీ టైములో ప్రిన్సిపల్ మేడమ్ నన్ను చెయ్యి పట్టుకొని ఒక తెల్లజుట్టు అతిథి దగ్గరికి తీసుకపోయింది. ఆయన చేతిలో చిన్న టేప్ రికార్డర్. పాటంతా బాగున్నది, కాని చివరన ఆ రెండు స్వరాలు ఒరుసుకొని ఒక్కటైన చోటు అద్భుతం అన్నడు ఇంగ్లిషులో. మీ పల్లెల్లో అట్లనే పాడతరా అని అడిగిండు.

“మిస్టేక్ సర్,” అన్న. “మై మిస్టేక్.”

ఆయన నవ్విండు. మీ దేశంలో కళాకారులు ఎంత వినయంగా ఉంటరో అన్నడు.

“నిజంగనే మిస్టేక్ సర్.”

మేడమ్ నా మోచేయి నొక్కింది. “తరతరాల పద్ధతి,” అని ఆయనకు చెప్పింది. ఆ తరతరాల వయసు అప్పటికి అరగంట. ఆయన క్యాసెట్టు మీద ఏదో రాసుకున్నడు. అది ఇప్పుడు ఏ దేశపు లైబ్రరీలో ఉన్నదో, దాని మీద ఎవరెవరు ఏమేం రాసిన్రో నాకు తెలియదు. తెలుసుకోను కూడ.

టీచరమ్మ హాలు మెట్ల కాడ ఎదురు చూస్తున్నది. “రెండు ని లు ఎవరు రాసిన్రమ్మా?” అన్నది.

“ఎవరూ రాయలేదు టీచరమ్మా. నేను మురిసిన.”

మొదటిసారి ఆమె నవ్వుడు చూసిన. ఆటో ఎక్కేదాక నవ్వుతనే ఉన్నది.

పోస్టు నిలవడ్డది. పాట వల్ల కాదు. కొన్నేండ్లకు టెంపరరీ వాళ్లందరినీ ఒక్కసారే పర్మనెంట్ చేసిన్రు, అందుల నేనూ కొట్టుకపోయి ఒడ్డునపడ్డ. అమ్మకు పట్టీ తీసినంక సరైన పాట పాడి వినిపించిన. “ఇది మాదే,” అన్నది, అటు తిరిగి పండుకున్నది.

కాని కథ అక్కడ ఆగలేదు. మరుసటేడు వార్షికోత్సవానికి మేడమ్ అదే పాట పెట్టమన్నది. “ఆ చివరిది మాత్రం విడువొద్దు,” అన్నది. ఇగ తప్పును నేర్పుడు మొదలాయె. తప్పు పాడుడు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. సగం మంది పై ‘ని’, సగం మంది కింది ‘ని’, ఒకరి నోరు ఒకరు చూడొద్దు. కాయితం మీద రాసి, గీత గీసి, జట్లు విడదీసిన. పాత టీచర్లు పోయిన్రు, కొత్తవాళ్లు వచ్చిన్రు. హిందీ టీచరక్క రిటైరయింది, పీటీ సారుకు బదిలీ అయింది. పాట మాత్రం ఏటా రెండు ‘ని’లతోనే సాగింది. కొత్తగ చేరినవాళ్లకు నేను అసలు సంగతి చెప్పేదాన్ని. మేడమ్ జోకేస్తున్నరు అనుకునేవాళ్లు.

నా రిటైర్మెంటు నాడు స్టాఫంతా నన్ను నడుమ నిలబెట్టి ఆ పాటే పాడిన్రు. నన్ను కూడ కలవమన్నరు. నేను పై గొంతు వాళ్లలో కుడి దిక్కు నిలవడ్డ. ఇన్నేండ్లకు ఒక్కసారన్నా మా అమ్మ పాడినట్టు పాడుదమని, ముగింపు కాడ కింది ‘ని’ తీసుకున్న. హాయిగ, నిండుగ పాడిన.

పాట అయినంక నా పక్కనున్న కొత్త టీచరమ్మాయి వంగి నా చెవిలో మెల్లగ చెప్పింది. పాపం, ఎవరూ వినకుండ చెప్పింది.

“మేడమ్, మన దిక్కు నిలవడ్డవాళ్లది పై ని.”

“అవునా నాన్నా?” అన్న. “మర్చిపోయిన.”